ఇన్నాళ్ళూ మోసింది కదా

టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళ గరాజులోనో, మేడమీది నడవాలోనో తల ఎత్తి చూస్తే కప్పులో పొడుగాటి చెక్క తలుపు ఒకటి కనిపిస్తుంది. దానికో తాడు వేలాడుతూ ఉంటుంది. తాడు లాగితే తలుపు కిందికి వాలుతుంది. దాని మీద మూడు మడతలుగా పడుకున్న నిచ్చెనను విప్పితే నేల దాకా వస్తుంది. పని అయ్యాక మడిచి పైకి తోసేస్తే మళ్ళీ కప్పులో కలిసిపోతుంది. ఒక మనిషి బరువంతా మోయాల్సిన వస్తువు, ఏడాదిలో మూడొంతుల కాలం ఎవరి కంటా పడకుండా ఉండేది, ఇంట్లో ఇంకొకటి ఉందనుకోను.

దాన్ని ఎప్పుడైనా పరీక్షించారా అని ఎవరినడిగినా ఒకటే జవాబు. "ఇన్నాళ్ళూ మోసింది కదా, ఏమీ కాలేదు." ఈ మాట మీద నాకు చాలాకాలంగా పేచీ ఉంది. నిన్నటి దాకా మోయడం ఒక సంగతి, రేపు మోయగలగడం ఇంకో సంగతి. మొదటిదాన్ని రెండోదానికి సాక్ష్యంగా తెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. నిచ్చెన విషయంలో ఆ సాక్ష్యం చెల్లదు. ఎందుకు చెల్లదో వివరంగా చెప్పాలని ఉంది.

ముందు, ఈ నిచ్చెన మీద ఇక్కడ ఇంత భారం ఎలా పడిందో చూడాలి. ఉత్తర టెక్సాస్ నేల బంకమన్ను. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. చలికి నేల లోతుగా గడ్డకట్టదు కాబట్టి పునాదులు లోతుగా తవ్వాల్సిన పనీ లేదు. అందుకే ఇక్కడి ఇళ్ళకు సాధారణంగా నేలమాళిగ ఉండదు, కాంక్రీటు పలక మీదే ఇల్లు లేస్తుంది. చలి రాష్ట్రాల్లో నేలమాళిగలో పెట్టుకునే ఫర్నెస్, ఏసీ లోపలి యంత్రం, కొన్ని ఇళ్ళలో నీళ్ళ హీటరు కూడా ఇక్కడ అటక మీదికి చేరాయి. కాబట్టి ఆ నిచ్చెన పాత సూట్‌కేసులకూ, బొమ్మల కొలువు పెట్టెలకూ, వినాయక చవితి పాలవెల్లికీ మాత్రమే దారి కాదు. జులై మధ్యాహ్నం ఏసీ ఆగిపోతే పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఎవరో ఒక మెకానిక్ దాని మీదనే ఎక్కుతాడు. ఆ మనిషి మన ఇంటిని అంతకుముందు చూసి ఉండడు. నిచ్చెన మనది, కాలు అతనిది. నన్ను ఈ విషయం మీద ఇంతగా ఆలోచింపజేసింది అదే.

మా ఊళ్ళో అటక ఎక్కడానికి వెదురు నిచ్చెన ఉండేది. పెరటి గోడ పక్కన పడుకోబెట్టి ఉంచేవారు. అటక మీది ఇత్తడి గుండిగ కావాలంటే దాన్ని మోసుకొచ్చి, గోడకు వాల్చి, కాళ్ళ దగ్గర నేల చదునుగా ఉందో లేదో మా నాన్నగారు చూసేవారు. మొదటి మెట్టు మీద కాలు వేసి గట్టిగా నొక్కేవారు. రెండు చేతులతో పట్టుకుని ఊపేవారు. కొబ్బరి తాడు కట్లు వదులయ్యాయేమో వేలితో తడిమేవారు. అప్పుడు, "ఒరేయ్, ఇలా వచ్చి కాస్త పట్టుకోరా" అని నన్ను పిలిచి గాని ఎక్కేవారు కాదు. ఆయనకు భద్రతా నియమాలు ఎవరూ నేర్పలేదు. ఆ నిచ్చెన వాల్చిన ప్రతిసారీ కొత్తగా నిలబడాలి. కదిలే వస్తువు గనక కదిలించి చూడక తప్పేది కాదు.

కప్పులో బిగించిన నిచ్చెన సంగతి వేరు. అది ఇంటితోపాటు వచ్చింది. గోడలాగే, గుమ్మంలాగే ఇంట్లో ఒక భాగమైపోయింది. గోడను ఎవరూ ఊపి చూడరు. దాన్ని ఒకరు ఎప్పుడో బిగించారు, ఆ బిగింపు మీద మన నమ్మకం కూడా అప్పుడే బిగిసిపోయింది. కింద పట్టుకోవడానికి మనిషిని పిలవాలన్న ఊహే రాదు. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు తాడు లాగి నిచ్చెన దించి చూపిస్తే, ఆయన ఎక్కలేదు. చుట్టూ తిరిగి, తలుపు చట్రం కప్పుకు ఎక్కడ తగులుకుని ఉందో చూసి, "దీన్ని ఏది పట్టుకుని ఉందిరా?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్న అదే.

మా తమ్ముడు ప్లేనోలో ఒక పాత ఇల్లు చూసుకున్నప్పుడు ఆ ప్రశ్నకు జవాబు దగ్గరగా చూశాను. టెక్సాస్‌లో ఇల్లు కొనేవాళ్ళు కొంత రుసుము ఇచ్చి కొద్దిరోజుల గడువు తీసుకుంటారు. ఆ గడువులో ఇన్‌స్పెక్టర్‌ను పెట్టి ఇల్లంతా తనిఖీ చేయించుకోవచ్చు, నచ్చకపోతే తప్పుకోవచ్చు. ఇన్‌స్పెక్టర్లకు లైసెన్సు ఇచ్చేది టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్. వాళ్ళు నింపాల్సిన నివేదిక నమూనా కూడా కమిషన్‌దే. అందులో ప్రతి అంశానికీ నాలుగు గళ్ళుంటాయి: తనిఖీ చేశాను, చేయలేదు, ఆ వస్తువు ఇంట్లో లేదు, లోపం ఉంది. అటక నిచ్చెన కూడా ఆ తనిఖీలోకి వస్తుంది.

వచ్చిన ఇన్‌స్పెక్టర్ పెద్దాయన. తాడు లాగి నిచ్చెన దించాడు గాని దాని మీద కాలు పెట్టలేదు. తన బండిలోంచి సొంత నిచ్చెన తెచ్చుకుని, పక్కన వేసుకుని, దాని మీద నిలబడి టార్చితో చట్రం అంచులు చూశాడు. తరవాత తమ్ముణ్ణీ నన్నూ ఒకరి తరవాత ఒకరిని ఎక్కించి చూపించాడు. మేకులు ఉండాల్సిన చోట నల్లటి సన్నని స్క్రూలు ఉన్నాయి. గోడకు జిప్సం పలకలు బిగించే స్క్రూలు అవి. గట్టిగా కనిపిస్తాయి గాని పెళుసు. పలక బరువును ఆపడానికి చేసినవే తప్ప, మనిషి ఎక్కి దిగేటప్పుడు పక్కనుంచి వచ్చే కోతకు తట్టుకోవు. వంగకుండానే తల తెగిపోతాయి. మేకు అయితే ముందు వంగి, వదులై, మనకు కొంత తెలియనిస్తుంది. తయారీదారులు అడిగేది మూడున్నర అంగుళాల లావు మేకులు గాని, పావు అంగుళం మందం, మూడు అంగుళాల పొడవు ఉన్న లాగ్ స్క్రూలు గాని. నిచ్చెన చేతులు తిరిగే ఇనుప పలకల్లో వాటి కోసమే ముందుగా రంధ్రాలు చేసి పంపుతారు. ఆ ఇంట్లో ఆ రంధ్రాలు సగానికి సగం ఖాళీగా ఉన్నాయి. చట్రానికీ, అటక దూలానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంది. ఆ సందులో దన్నుగా చెక్క ముక్కలు పెట్టి, వాటిలోంచి మేకు దిగగొట్టాలి. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

"ఇది చాలా ఇళ్ళలో ఇంతే," అన్నాడాయన, కోపంగా కాదు. బిగించే పని ఎలా సాగుతుందో కూడా చెప్పాడు. ముందు కప్పుకు అడ్డంగా రెండు చెక్కపట్టీలు కొట్టి, బరువైన చట్రాన్ని వాటి మీద నిలబెడతారు. ఒకరు పైన ఉంటారు, ఒకరు కింద. చట్రం జారకుండా చేతికందిన స్క్రూలతో తాత్కాలికంగా నాలుగుచోట్ల పట్టిస్తారు. అసలు మేకులు కొట్టాల్సింది ఆ తరవాత. ఈలోపు పైనున్నవాడు ఎండకు ఉడికిపోతుంటాడు, పక్కింట్లో ఇంకో పని ఎదురుచూస్తుంటుంది. పట్టీలు తీసేస్తారు, నిచ్చెన పడిపోదు. పని అయిపోయినట్టే కనిపిస్తుంది. తాత్కాలికం అనుకున్నది శాశ్వతమవుతుంది. ఆ పనివాడిని తిట్టాలని నాకు అనిపించలేదు. కాని ఆ పని మీద ఒక కుటుంబం ఏళ్ళ తరబడి ఎక్కి దిగిందన్నది మాత్రం మనసులోంచి పోలేదు.

నివేదికలో లోపం గడిలో గుర్తు పడగానే అమ్మేవాళ్ళ తరపు ఏజెంటు అన్న మాట మీరు ఊహించగలరు. ఇన్నాళ్ళూ వాడారు కదా!

వాడారు నిజమే. కాని ఆ వాడకమే నిచ్చెనను మార్చుకుంటూ వస్తుంది. టెక్సాస్ వేసవిలో బయట 100 డిగ్రీలుంటే అటకలో 130 దాటుతుంది, మన లెక్కలో 54 సెల్సియస్. ఆ వేడికి చెక్క ఎండి సన్నబడుతుంది. చెక్క నిండు మందంలో ఉన్నప్పుడు బిగించిన నట్టు ఎవరూ తిప్పకుండానే వదులవుతుంది. వదులైన బోల్టు మడిచిన ప్రతిసారీ, విప్పిన ప్రతిసారీ తన రంధ్రాన్ని కొంచెం కొంచెం అరగదీస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోలగా సాగుతుంది. మెట్టు చెక్కలో స్క్రూ దిగినచోట సన్నని చీలిక మొదలవుతుంది. ఇవేవీ ఒక్కరోజులో జరగవు గనక ఏ రోజు చూసినా నిన్నటిలాగే కనిపిస్తుంది. మోసిన ప్రతిసారీ దాని బలంలో కొంత ఖర్చయింది. మనమేమో ఆ ఖర్చునంతా జమ కింద రాసుకుంటున్నాం.

తనిఖీ చేయడం కష్టమేమీ కాదు. ఒక టార్చి, ఒక స్పానరు, తీరిక ఉన్న ఒక ఉదయం చాలు. అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది నిచ్చెన వంపు లేకుండా తిన్నగా ఉందా అన్నది. పూర్తిగా విప్పి, నాలుగడుగులు పక్కకు వెళ్ళి, కాస్త వంగి, పక్కనుంచి చూడాలి. మూడు ముక్కల నిలువు చెక్కలూ ఒకే గీతలా ఉండాలి. అతుకుల దగ్గర చెక్క కొస చెక్క కొసకు పూర్తిగా ఆనాలి, వెలుతురు కనిపించకూడదు. అప్పుడే మన బరువు చెక్కలోంచి చెక్కలోకి దిగి నేలకు చేరుతుంది. నేలకు ఆనే కాళ్ళు పొడుగు ఎక్కువైతే నిచ్చెన అతుకు దగ్గర మోకాలు మడిచినట్టు వంగుతుంది. బరువు చెక్క మీద కాకుండా బందు మీదా, దాన్ని పట్టుకున్న చిన్న బోల్టుల మీదా పడుతుంది. పొట్టి అయితే కాళ్ళు నేల మీద ఆనకుండా తేలుతుంటాయి. అప్పుడు ఎక్కిన మనిషి బరువునంతా పైన ఉన్న చట్రమే వేలాడదీసుకుంటుంది. ఆ చట్రాన్ని పట్టుకున్నవి ఆ సన్నని స్క్రూలే అయితే ఇక చెప్పక్కర్లేదు.

కాళ్ళు ఆ ఇంటి కప్పు ఎత్తును బట్టి, నేలకు సమంగా ఆనేలా ఏటవాలుగా కోయాలి. ఒకసారి సరిగా కోసినా అయిపోయిందని కాదు. కింద కార్పెట్ తీసి చెక్క నేల వేయించుకుంటాం, లేదా పలకలు పరుస్తాం. నేల ఎత్తు మారుతుంది, నిచ్చెన పొడవు మారదు. నేల మార్పించిన వాళ్ళలో నిచ్చెన దించి చూసుకున్నవాళ్ళు నాకు దాదాపు తగల్లేదు.

తరవాత మెట్లు. చాలా చెక్క నిచ్చెనల్లో మెట్టు కింద ఒక సన్నని ఇనుప కడ్డీ రెండు పక్కలనూ కలిపి పట్టుకుని ఉంటుంది. అది ఊగుతుంటే నట్టు బిగించాలి. చీలిన మెట్టుకు జిగురు పూసి సరిపెట్టకూడదు, మార్చాలి. బోల్టులన్నీ ఉన్నాయా, ఎక్కడైనా ఒకటి రాలిపోయి రంధ్రం ఖాళీగా ఉందా చూడాలి. స్ప్రింగుల జోలికి మాత్రం సొంతంగా పోవద్దు. తలుపు దించి ఉన్నప్పుడు అవి సాగి ఉంటాయి, తెగినా తప్పినా ముఖానికి తగిలే ఎత్తులోనే ఉంటాయి. తుప్పు పట్టినట్టో, చుట్లు వదిలినట్టో అనిపిస్తే తెలిసినవారిని పిలవడమే.

నిచ్చెన పక్క చెక్క మీద బరువు పరిమితి రాసిన చీటీ ఒకటి ఉంటుంది. మార్కెట్లో 250, 300, 350 పౌండ్ల రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. 250 అంటే చాలా అనిపిస్తుంది గాని లెక్క వేసి చూడండి. 90 కిలోల మనిషి అంటే 198 పౌండ్లు. ఇండియా వెళ్ళొచ్చాక అటకెక్కించే సూట్‌కేసు, విమానం వాళ్ళు ఒప్పుకునే 23 కిలోలు, దాదాపు 50 పౌండ్లు. కలిపితే 248. మిగిలింది రెండు పౌండ్లు, ఇంకా బట్టలూ చెప్పులూ కలపలేదు. పైగా ఆ పరిమితి, చెప్పిన మేకులన్నీ చెప్పినచోట దిగినప్పటి మాట. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముఖం నిచ్చెన వైపే ఉండాలి, రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్ళూ ఒక చేయీ ఎప్పుడూ ఆనుకుని ఉండాలి. చేతిలో సూట్‌కేసుతో అది కుదరదు. అందుకే మా ఇంట్లో బరువైన పెట్టెలు అటక మీదికి వెళ్ళడం ఆగిపోయింది. కొలువు బొమ్మలు కూడా విడివిడిగా చిన్న పెట్టెల్లోకి మారాయి, పైన ఒకరు, కింద ఒకరు ఉండి అందించుకుంటాం.

ఈ నిచ్చెనలు అంత ఇరుకుగా ఎందుకుంటాయని మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. కారణం తెలిశాక గౌరవం కలిగింది. ఇక్కడి కొత్త ఇళ్ళ కప్పును మోసే చెక్క ట్రస్‌లు మామూలుగా 24 అంగుళాల ఎడంతో ఉంటాయి. ఒక్కో చెక్క మందం ఒకటిన్నర అంగుళం. తీసేస్తే మధ్యలో మిగిలే జాగా ఇరవై రెండున్నర అంగుళాలు. నిచ్చెన చట్రం ఆ జాగాలో పట్టేలా చేస్తారు. ఇంకాస్త వెడల్పు కావాలని, లేదా నిచ్చెన అడ్డంగా పెట్టాలని, ట్రస్ అడుగు చెక్కను కోసేసినవాళ్ళున్నారు. ఆ చెక్క చూడ్డానికి కప్పును వేలాడదీసే మామూలు చెక్కలా ఉంటుంది. నిజానికి ఇంటి పైకప్పు రెండు వాలులూ బయటికి జారిపోకుండా కట్టి ఉంచేది అదే. అది కోసి ఉన్నట్టు కనిపిస్తే స్పానరు పక్కన పెట్టేయాలి. అది నిచ్చెన లోపం కాదు, ఇంటి కప్పు లోపం. ఇంజనీరు చూడాల్సిన పని.

పైకి చేరాక కూడా ప్రమాదం తీరదు. నిజానికి నాకు ఎక్కువ భయం అక్కడే. ఆఖరి మెట్టు దాటి కాలు ఎక్కడ పెట్టాలో తెలియాలి. చుట్టూ ఇన్సులేషన్ మెత్తగా పరుచుకుని ఉంటుంది, దాని కింద అర అంగుళం జిప్సం పలక, దాని కింద మన పడకగది. యంత్రం దాకా కనీసం 24 అంగుళాల వెడల్పున గట్టి చెక్క దారి ఉండాలనీ, అటక ముఖద్వారం దగ్గరే దీపం స్విచ్చి ఉండాలనీ అమెరికా నివాస గృహాల నిర్మాణ నియమావళి చెబుతుంది. పాత ఇళ్ళలో ఆ స్విచ్చి చాలాసార్లు పది అడుగుల అవతల, చీకట్లో ఉంటుంది. పైనున్నవాళ్ళు వెనక్కి అడుగు వేస్తూ తెరిచి ఉన్న ఆ కన్నంలోకే పడిపోవచ్చు. దాని చుట్టూ చిన్న కమ్మీ కట్టించుకోవడం ఖరీదైన పనేం కాదు.

గరాజులో ఉన్న నిచ్చెనకు ఇంకో బాధ్యత కూడా ఉంది. కారు దగ్గర పుట్టిన మంట అటకలోకి తొందరగా పాకకుండా గరాజు కప్పుకు జిప్సం పలకలు వేస్తారు. సన్నని ప్లైవుడ్ తలుపు ఉన్న నిచ్చెన ఆ కవచంలో కోసిన కన్నం అవుతుంది. మంటకు తట్టుకునే రకాలు వేరే దొరుకుతాయి. కొనేటప్పుడు తేడా అడిగేవాళ్ళు తక్కువ.

మా ఇంటికి ఏసీ సర్వీసుకు వచ్చే మెకానిక్‌ను ఒకసారి అడిగాను, ఎవరింటి నిచ్చెనైనా ఎక్కేస్తావా అని. ఎక్కనన్నాడు. ముందు రెండో మెట్టు మీద నిలబడి శరీరం బరువు అటూ ఇటూ మారుస్తాడట. చట్రం కదిలితే దిగిపోయి సొంత నిచ్చెన తెచ్చుకుంటాడట. కొందరు ఇంటివాళ్ళు దాన్ని అవమానంగా తీసుకుంటారని చెప్పాడు. నాకది చాలా బాధగా అనిపించింది. తన ప్రాణం చూసుకోవడానికి ఒక మనిషి ఇంటివాళ్ళ మొహం చూడాల్సి రావడం ఏమిటి? అప్పటి నుంచీ వేసవి సర్వీసుకు ముందొకసారి, చలికాలం ఫర్నెస్ వెలిగించే ముందొకసారి నిచ్చెన దించి చూస్తున్నాను. వచ్చిన మనిషికి చీటీ మీద బరువు ఎంత ఉందో, ఏ బోల్టు మార్చానో, పైన స్విచ్చి ఎక్కడుందో ముందే చెప్తాను. అతను ఊపి చూసుకుంటానంటే పక్కకు జరిగి నిలబడతాను.

తమ్ముడు ఆ ఇల్లే కొన్నాడు. బేరంలో అమ్మినవాళ్ళు నిచ్చెన మార్పించి ఇచ్చారు. కొత్తదాని చట్రం చుట్టూ దన్ను చెక్కలు పడ్డాయి, ఇనుప పలకల్లో రంధ్రాలన్నీ నిండాయి, నేను దగ్గరుండి చూశాను. వచ్చేనెల వాళ్ళు ఆ నిచ్చెన దిగే నడవాలో కార్పెట్ తీసేసి చెక్క నేల వేయిస్తున్నారు. కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో మళ్ళీ కొలవాలని ఫోన్లో చెప్పాను. పని పూర్తయిన రోజే రమ్మన్నాడు.